మూడో మెట్టు గదిలో బేరం

గోరువెచ్చటి నీళ్ళలో చేతులు రెండూ మోచేతుల దాకా ముంచి, వంద లెక్కపెట్టి బయటికి తీశాడు మాలకొండయ్య. వేళ్ళ సందులు తుడుచుకున్నాడు. గోళ్ళు అద్దానికి చూపించాడు. గోడలోంచి నాడికడియం జారివస్తే కుడి మణికట్టుకి తగిలించుకున్నాడు. అరవై నాలుగు. నిన్నా అరవై నాలుగే, మొన్నా అరవై నాలుగే. ఇరవై రెండేళ్ళుగా ఆ అంకె జరిగిన రోజులు ఏ పదో ఉంటాయంతే, ఆ పది రోజులూ ఆయనకి జ్వరం.

"నిమ్మకు నీరెత్తినట్టుంటారండీ మీరు," అంది నిహారిక. ఆ అమ్మాయి ఈ గదికి పెద్ద. వచ్చి ఏడాది కాలేదు, ఇంకా ఆశ్చర్యపోతూనే ఉంది.

"ఉండబట్టే గదమ్మా ఇంత కూడు పెడుతున్నారు," అని పీట మీద కూర్చున్నాడు.

ఒంగోలు విలువల భవనంలో మూడో మెట్టు గదులు తొమ్మిది. మొదటి మెట్టు సరుకుతో ఏ గొడవా లేదు, రోజూ అమ్ముడుపోయేదాని ధర సంతే చెబుతుంది. రెండో మెట్టుదానికి దాని అన్నదమ్ముల ధర చూసి చెప్పొచ్చు. చిక్కంతా మూడో మెట్టుతోనే. అలాంటిది ఇంకోటి ఉండదు, ఉన్నా దాన్ని ఎవరూ అమ్మరు, ఎవరూ కొనరు. అయినా బ్యాంకు పద్దులో దానికీ ఒక అంకె పడాల్సిందే. ఆ పని ఒకప్పుడు యంత్రాలకి అప్పజెప్పారు మహానుభావులు. ఒక యంత్రం ఊహే ఇంకో యంత్రానికి సాక్ష్యం, దాని ఊహ మళ్ళీ మొదటిదానికి సాక్ష్యం. చివరికి ఒక మంగళవారం, జనం మధ్యాహ్నం భోజనాలు చేసి చెయ్యి కడుక్కునేలోపు సగం దేశం ఆస్తి ఆవిరైపోయింది. పెద్ద జారుడంటే అదే. అప్పుడు గుర్తొచ్చింది పెద్దమనుషులకి ఎద్దుల సంత.

సంతలో దళారులు ధర పైకి చెప్పరు. తువాలు కప్పి, దాని కింద చేతులు కలిపి, వేళ్ళతో మాట్లాడుకుంటారు. పక్కవాడి కంట పడని ధరే పాడుకాని ధర అన్నారు చట్టం రాసినవాళ్ళు. ఏ తొందరా, ఏ బలవంతమూ లేకుండా ఇష్టపడి అమ్మేవాడికీ ఇష్టపడి కొనేవాడికీ మధ్య కుదిరిందే న్యాయమైన ధర అని కూడా రాశారు. మరి ఏ తొందరా లేని మనిషి దొరికేదెక్కడ? దొరకడు కాబట్టి తయారుచేసుకున్నారు. ఇల్లు బ్యాంకుదే, తిండి బ్యాంకుదే, మందూమాకూ బ్యాంకువే. సొంతానికి గుండుసూది ఉండకూడదు, అంగలార్చడానికి మనిషి ఉండకూడదు. మాలకొండయ్య భార్య చనిపోయిన ఏడాదే ఇందులో చేరాడు. పిల్లల్లేరు. ఇంకో ఎనిమిది నెలలు ఇలాగే గడిచిపోతే బతికినన్నాళ్ళూ ఉండటానికి గది ఇస్తారు, కిటికీతో సహా. ఆ కిటికీ ఏ దిక్కుకి ఉంటే బాగుంటుందా అని అప్పుడప్పుడూ ఆలోచిస్తుంటాడు, నాడి కదలనంత మెల్లగా.

ఎదురు పీట మీద నాగూర్‌బీ వచ్చి కూర్చుంది. నలభై ఐదేళ్ళ మనిషి, పదకొండేళ్ళుగా ఆయనకి జత. ఇవాళ ఆయనది అమ్మే చెయ్యి, ఆమెది కొనే చెయ్యి.

నిహారిక పలక చూసి చదివింది. "వరుస మూడు వందల పన్నెండు. ఉప్పునీళ్ళని తీపి చేసే యంత్రం, ఊరి అప్పుకి తాకట్టు. వయసు పందొమ్మిదేళ్ళు. మూడు వందల నలభై ఇళ్ళకి తాగునీళ్ళు. వడపోత పొరలు పన్నెండు, నాలుగు అరిగాయి. సముద్రంలోకి దిగే గొట్టం మూడో అతుకు దగ్గర పగిలితే పడవలకి పూసే తారుతో అతికారు. విడిభాగాలుగా అమ్మితే అరవై రెండు లక్షల పణాలు. విప్పుడు గీత అదే."

ఊరి పేరు చదవరు. గీత సంగతి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. బేరంలో అరవై రెండు దాటితే యంత్రం అక్కడే తిరుగుతుంది. దాటకపోతే మర్నాడే విప్పి పట్టుకుపోతారు. ఏ వస్తువునైనా దేనికి వాడితే ఎక్కువ వస్తుందో దానికే వాడాలి, అదీ చట్టమే.

తెల్ల తువాలు పరిచారు. మాలకొండయ్య లోపల లెక్క అప్పుడే అయిపోయింది. పాతబడ్డ యంత్రం, అప్పు కట్టలేని జనం. ముప్పై ఎనిమిది, మహా అయితే నలభై. పద్ధతి ప్రకారం యాభై దగ్గర మొదలుపెడుతూ నాగూర్‌బీ అయిదు వేళ్ళూ కలిపి పట్టుకున్నాడు. జవాబుగా ఆమె అయిదు వేళ్ళు పట్టి, వెంటనే ఇంకో రెండు పట్టింది.

డెబ్బై!

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారు. అడిగినదానికంటే పైకి పాడే కొనుగోలుదారుని ఆయన బుద్ధెరిగాక చూళ్ళేదు. పొరపాటేమో అని మళ్ళీ యాభై పట్టాడు. మళ్ళీ డెబ్బై. ఆ చెయ్యి తడిసి ముద్దయి ఉంది. సంతలో ఇలాంటి చెయ్యి తగిలితే దళారి లోపల నవ్వుకుంటాడు, వీడికి ఈ ఎద్దు లేకపోతే గడవదు అని. మాలకొండయ్యకి నవ్వు రాలేదు.

"కొనే చెయ్యి కాలింది," అంది తూనిక, పైకప్పులోంచి. ఈ భవనంలో నాడులు చదివి ధరలు రాసుకునే గొంతు అది, నాడి ఎగిరితే చెయ్యి కాలిందంటుంది. "నూట పద్దెనిమిది. ధర చెల్లదు. పది నిమిషాల విరామం, తర్వాత రెండో పట్టు."

వసారాలో తూనికకి చెవుల్లేవు. టీ గ్లాసులు పట్టుకుని పిట్టగోడ దగ్గరికి పోయారు ఇద్దరూ.

"ఏందిది నాగూర్‌బీ? డెబ్బై ఏంది? ఒళ్ళు తెలిసే పట్టావా?"

"తెలిసే పట్టా అన్నా." ఆమె టీ తాగలేదు. "ఆ గొట్టానికి తారు పూసింది మా తమ్ముడు మస్తాను. పడవ తారుతో గొట్టం అతికేది మా ఉలిచిపాలెంలో వాడొక్కడే."

మాలకొండయ్య తలుపు వైపు చూశాడు. "తమ్ముడున్నాడని చేరేటప్పుడు రాయించలా నువ్వు!"

"రాయిస్తే చేర్చుకుంటారా? పదకొండేళ్ళు చూడ్డానికి కూడా పోలా. పోకపోతే ఆ ప్రేమ అదే చస్తదిలే అనుకున్నా. చావలా, ఏం చెయ్యను?"

"లోపలికి పోయి చెప్పెయ్. ఇది నాకు తెలిసిన సొత్తు, నేను కూర్చోకూడదని చెప్పు. ఇంకో జత వస్తది."

"వచ్చి ఎంత పట్టుకుంటారు?"

ఆమెకి తెలిసిన సంగతే. అబద్ధమాడి లాభం లేదు. "నలభై," అన్నాడు.

"నలభై అంటే రేపు పొద్దున్నే విప్పుతారు. మా ఊళ్ళో బోర్లన్నీ ఉప్పే. మంచినీళ్ళు కావాలంటే పదహారు కిలోమీటర్లు పోవాల. మస్తానుకి ముగ్గురు పిల్లలన్నా. కడగొట్టుదానికి నా పేరే పెట్టారంట."

"అయితే నలభై అబద్ధమా? ఇరవై రెండేళ్ళలో ఒక్క దొంగ ధర వెయ్యలా నేను. ఒక్కటి!"

"దొంగ ధర అని నేనన్లా. దప్పిక లేనోడికి అది నలభయ్యే. నువ్వు దప్పిక పడి ఎన్నాళ్ళయిందన్నా?"

ఆయనకి ఒళ్ళు మండింది. గ్లాసులో టీ పిట్టగోడ అవతల పారబోసి లోపలికొచ్చేశాడు. వచ్చాడే గానీ ఆ మాట ముల్లులా దిగబడింది. ఈ చేతులతోనే కదా ఎన్ని ఊళ్ళ ఆసుపత్రులకి, ఎన్ని కట్టలకి, ఎన్ని వంతెనలకి ధర కట్టాడు! ఆ ఆసుపత్రిలో ఆయనకి ఏనాడూ పని పడలేదు. ఆ వంతెన మీద ఏనాడూ నడవలేదు. అందుకే తనని పిలిచి కూర్చోబెట్టారు, అదే తన అర్హత. అది ఇన్నాళ్ళూ గొప్పే అనుకున్నాడు.

రెండో పట్టులో నాగూర్‌బీ కళ్ళు మూసుకుంది, లోపల ఏదో చదువుకుంటున్నట్టు పెదవులు కదిలాయి. ఈసారి అరవై నాలుగు పట్టింది. తన మనసుని తనే తొక్కిపట్టాలని చూసింది పాపం. తూనిక ఊరుకుంటుందా? "కొనే చెయ్యి కాలింది. నూట ఇరవై ఆరు. ధర చెల్లదు. మూడో పట్టు కూడా కాలితే జత మారుతుంది."

గాజు తలుపు అవతల ఇంకో జత అప్పుడే చేతులు నీళ్ళలో ముంచింది. ఇద్దరూ కుర్రవాళ్ళు, చల్లగా ఉన్నారు.

"మాలకొండయ్యగారూ," అంది నిహారిక. "మీ జత చెయ్యి ఎందుకు కాలుతోందో మీకేమైనా తెలిస్తే చెప్పాలి. అది నియమం."

"పట్టు కానీయమ్మా," అన్నాడు.

తువాలు కింద మూడోసారి చేతులు కలిశాయి. నాగూర్‌బీ ఈసారి ఏ అంకే పట్టలేదు. ఊరికే ఆయన చెయ్యి పట్టుకుంది, ఏట్లో దిగేటప్పుడు పక్క మనిషి చెయ్యి పట్టుకున్నట్టు. ఇంకో నిమిషంలో ఆ కుర్రవాళ్ళు వచ్చి కూర్చుంటారు, నిజాయితీగా నలభై అంటారు, ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ ఉండదు. ఆమెని వీధిలోకి గెంటుతారు. తను గదికి పోయి వేళకి అన్నం తింటాడు. కిటికీ తూర్పుకి అడగాలా దక్షిణానికి అడగాలా అని ఆలోచిస్తాడు. ఛీ, ఇదీ ఒక బతుకేనా!

అప్పుడు తండ్రి గుర్తొచ్చాడు ఆయనకి. ఏడుకొండలంటే పేరుమోసిన దళారి. తన సొంత ముసలి ఎద్దుని సంతకి తోలుకొచ్చి, మంచి ధర పలుకుతుంటే, ఉన్నట్టుండి తువాలు కింద నుంచి చెయ్యి లాగేసుకుని ఎద్దుని ఇంటికి తోలుకుపోయాడు. అమ్మ నానా తిట్లూ తిట్టింది. ధర చాలకనా అంటే కాదు. మరెందుకయ్యా అంటే, "అమ్మబుద్ధి కాలేదే" అన్నాడు. అంతే. ఆ సంతలో ఆ ఎద్దుని ఇంక ఎవరూ బేరం ఆడలేదు, ఆడకూడదు.

మాలకొండయ్య చెయ్యి లాగేసుకున్నాడు.

లాగేసుకుని, అందరికీ కనపడేలా తువాలు మీద పెట్టాడు. కడియం నూట ముప్పై చూపిస్తోంది. ఆయనకి భయమేసింది, నిజంగా భయమేసింది, గొంతు తడారిపోయింది.

"అమ్మే చెయ్యి కాలింది," అంది తూనిక. "ధర చెప్పండి."

"ధర లేదు. నేనమ్మను."

"ఎంతకి అమ్మరు?"

"ఎంతకీ అమ్మను. అమ్మబుద్ధి కాలేదు."

"జత మార్చండి," అంది తూనిక.

నిహారిక గాజు తలుపు వైపు రెండడుగులు వేసి, ఆగి, పలకలో చట్టం తెరిచింది. చాలాసేపు వెతికింది. చట్టం రాసిననాడు సంత దళారుల్ని కూర్చోబెట్టి వాళ్ళ కట్టుబాట్లు చెప్పించుకున్నప్పుడు, చెప్పినవన్నీ పొల్లు పోకుండా రాసేసుకున్నారు. ఏ అవసరమూ లేని మనిషికి చెయ్యి లాగేసుకునే అవసరం మాత్రం ఎందుకొస్తుంది అనుకున్నారో, అసలు ఏమీ అనుకోలేదో.

"కట్టుబాటు పందొమ్మిది," అని చదివింది. "అమ్మే చెయ్యి తనంతట తాను తువాలు బయటికి వస్తే ఆ సంతకి ఆ సొత్తుకి బేరం లేదు. ఇంకెవరూ చెయ్యి కలపరాదు." తలెత్తి కప్పు వైపు చూసింది. "ఇక్కడ మూడు నెలల పద్దే ఒక సంత. జత మార్చడానికి లేదు."

"మూడు వందల పన్నెండో వరుస ఖాళీగా ఉంది," అంది తూనిక. "సున్నా రాయనా?"

"వద్దు. సున్నా అయితే అదీ ధరే. విప్పేస్తారు."

"వరుస నిండకుండా మొత్తం తేలదు. మొత్తం తేలకుండా పద్దు మూయడం కుదరదు. ధర చెప్పండి."

వసారాలో తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. పై అంతస్తుల్లో మూడు నెలల పద్దు కోసం కాచుకున్నవాళ్ళందరి బల్లల మీదా ఒకటే ఖాళీ గడి వెలుగుతోందని ఎవరో అరిచారు. గాజు తలుపు అవతల కుర్రవాళ్ళు నీళ్ళలో ముంచిన చేతులు తీయడం మర్చిపోయి చూస్తున్నారు.

"ఇంకో వాక్యముందండీ," అంది నిహారిక. పలక ఆయన వైపు తిప్పలేదు, తనే చదివింది. "చెయ్యి లాగినవాడు ఆ సొత్తుని తోలుకుపోయి, వచ్చే సంత దాకా మేపుకోవాలి. అంటే యంత్రం ఖర్చు ఈ మూడు నెలలూ మీది. బ్యాంకు పైసా ఇవ్వదు, సొత్తున్న మనిషిని ఇక్కడ ఉండనివ్వదు. ఈ కడియం తీశాక మీకు ఇల్లుండదు, కూడుండదు, ఆ గదీ రాదు. తెలిసే చేశారా?"

"ఇప్పుడే తెలిసింది."

"దేంతో మేపుతారు మాలకొండయ్యగారూ? మీకేముందని?"

"ఏమీ లేదమ్మా. ఏమీ లేదనే గదా ఇన్నేళ్ళూ ఊళ్ళకి నాతో ధర కట్టించారు."

కడియం విప్పబోయాడు, ఊడలేదు. నాగూర్‌బీ వంగి దాని చీల తీసింది. తన కడియం కూడా తీసి పక్కన పెట్టింది. ఏడుస్తోందో లేదో తెలియకుండా ముఖం పక్కకి తిప్పుకుంది.

"ఉలిచిపాలేనికి బస్సెక్కడ?" అని అడిగాడు.

"బస్సు ఊరిదాకా లేదన్నా. చివర ఆరు కిలోమీటర్లు నడవాల."

"నడుద్దాం పద. ముందు కాసిని మంచినీళ్ళిప్పించు, నోరెండిపోతోంది."

వాళ్ళు వసారా దాటి మెట్లు దిగుతుంటే తొమ్మిది గదుల ముందూ జనం నిలబడి చూస్తున్నారు. "ధర చెప్పండి," అంటోంది తూనిక, ప్రతి గదిలోనూ, ఒకే గొంతుతో. ఎవరూ చెప్పలేదు.