క్రిస్మస్ తాత ముసుగు

కోర్టులో ఎంతసేపవుతుందో ఏమోనని ఎలీషబా పొద్దున్నే చిత్రాన్నం కలిపి బాక్సులో పెట్టింది. కోడలు రోజీ అరుగు మీద కూర్చుని బడికెళ్ళే పాప రమ్యకు జడలు వేస్తోంది. రోజీ మొగుడు శ్యాంసన్ ఈ ఇంటి దరిదాపులకు రాకూడదని కోర్టు ఇచ్చిన ఉత్తర్వుకు నెలాఖరుతో గడువు తీరిపోతుంది. దాన్ని పొడిగించమని అర్జీ పెట్టడానికే ఈ రోజు మార్కాపురం ప్రయాణం.

శ్యాంసన్ ఎలీషబా కన్నకొడుకే. వాడు రోజీ చెయ్యి విరిచిన రోజు కోడలిని ఆటోలో ఎక్కించుకుని ఆసుపత్రికి పరిగెత్తింది ఈ ముసలామే. కొడుకును కాదని కోడలి పక్కన నిలబడిందని తమ ఊరు కొనకనమిట్ల చుట్టుపక్కల ఆమెను మెచ్చుకోనివాళ్ళు లేరు. కొన్ని నెలలుగా ఆ మెప్పే ఆమెకు మింగుడుపడటం లేదు.

పోయిన డిసెంబర్లో చర్చి పిల్లకాయలు పాటలు పాడుకుంటూ ఇంటింటికీ వచ్చారు. పాటలవాళ్ళు వస్తే ఎవరు మాత్రం తలుపు వేసుకుంటారు? వాళ్ళతోపాటు ఎర్రచొక్కా, తెల్లగడ్డం ముసుగు వేసుకున్న క్రిస్మస్ తాత కూడా ఎగురుతూ లోపలికొచ్చి రమ్య చేతిలో చాక్లెట్లు పెట్టాడు. ఎడమకాలు కాస్త ఈడ్చే ఆ నడక చూడగానే అది తన కొడుకేనని ఎలీషబా గుర్తుపట్టింది. పండగపూట బిడ్డను చూసుకుని పోతాడులే అని నోరు మూసుకుంది. పైగా వాడికి కేకు ముక్క కూడా పెట్టింది.

పోతూ పోతూ వాడు రోజీ చెవి దగ్గర వంగి, గడువు అయిపోనీ, నీ సంగతి చూస్తా అన్నాడు. డప్పుల మోతలో ఇంకెవరికీ వినబడలేదు. రోజీ ఆ మాట అత్తకు చెప్పుకుంటే, అంతా నీ భ్రమ అని ఎలీషబా కొట్టిపారేసింది. అప్పటినుంచి రోజీ రోకలి పక్కన పెట్టుకుని పడుకుంటోంది.

మార్కాపురం కోర్టు దగ్గర, ఉత్తర్వు వచ్చాక అతను ఎప్పుడైనా వచ్చాడా, బెదిరించాడా అని లాయరు అరుణకుమారి అడిగింది. ఏమీ జరగకపోతే ఇంకా భయమేమిటని అవతలివాళ్ళు వాదిస్తారట.

రోజీ తల వంచుకుంది. "లేదు మేడం. ఒకసారి వచ్చినాడనుకున్నా. అది నా భ్రమంట."

తన అబద్ధాన్ని కోడలు అంత నమ్మకంగా ఒప్పజెప్తుంటే ఎలీషబాకు చచ్చేంత సిగ్గేసింది. నిజం చెప్తే కొడుకు జైలుకు పోతాడేమో. చెప్పకపోతే వచ్చే నెల వాడు ముసుగు లేకుండానే గుమ్మంలో నిలబడతాడు.

"భ్రమ కాదు తల్లీ, వాడే వచ్చినాడు," అంది. "నేను గుర్తుపట్టినా. పట్టి గూడా ఈ పిల్లను అబద్ధాలకోరును చేసినా."

"కోర్టులో చెప్తావా పెద్దమ్మా? నీ కొడుకు మీద కేసవుతుంది."

"చెప్తా. వాని పేరు శ్యాంసన్. రాసుకో."

రోజీ అత్త ముఖంలోకి చూసింది. "నాకు పిచ్చి పట్టిందనుకున్నా అత్తా. ఇన్ని నెలలు నన్ను నేనే నమ్మలేదు."

అర్జీ పెట్టి తిరిగొస్తూ ఎలీషబా ఆటోలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూనే ఉంది. రోజీ ఆమె వైపు తిరగలేదు. బాక్సు మూత ఎవరూ తీయలేదు.

ఇల్లు చేరగానే ఎలీషబా కోడలి మంచం పక్కనున్న రోకలి తీసుకుంది. తన చాప తెచ్చి గుమ్మానికి అడ్డంగా పరిచి, రోకలి పక్కన పెట్టుకుని కూర్చుంది. ఇకనుంచి తన పడక అక్కడే.

రోజీ చిత్రాన్నం బాక్సు తెచ్చి అత్త ముందు పెట్టి, తనూ చాప మీద కూర్చుంది.

"పొద్దుటి నుంచి ఏమీ తినలేదు నువ్వు. రోకలి ఎత్తాలంటే చేతుల్లో బలముండొద్దా?"