సభ వడి తగ్గిన రోజు

ఆ పొద్దున ఆకాశం బియ్యం కడిగిన నీళ్లలా ఉంది. మబ్బు అనడానికీ లేదు, ఎండ అనడానికీ లేదు. సభాకాపరి ఓబులమ్మ నలభైమూడు బిళ్లలను మిద్దె మీద పరిచి, అవి వెలుగు తాగేదాకా కాచుకుంది. అరచేతంత బిళ్లలు. ఒక్కోదానిలో ఒక్కో పరిశోధకుడి వకాల్తా నిద్రపోతూ ఉంటుంది: అతని చదువు, అతని అనుమానాలు, వాదనకు ముందు గొంతు సవరించుకునే తీరు. నేల చప్పుళ్లు వినేవాళ్ల మహాసభ ఏటా ఇలాగే మొదలవుతుంది. మనుషులు తమ ఊళ్లలోనే ఉంటారు. వకాల్తాలు మనిషి మాటకు మూడువందల రెట్ల వడిలో మాట్లాడుకుని, వారం రోజుల వాదనను అరగంటలో తేల్చి సమ్మతి ప్రకటిస్తాయి. పందొమ్మిదేళ్లుగా సమ్మతి రాని సభ లేదు.

బిళ్లలు వెచ్చబడ్డాక గంపకెత్తుకుని కిందికి దిగేసరికి వాకిట్లో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. అరవై దాటిన మనిషి. మోకాళ్ల దాకా ఎర్రదుమ్ము. ఇరవయ్యారో బిళ్ల మీద ఉన్న ముఖం అది.

"ఎర్రిస్వామన్న గదా?"

"ఆ."

"నీ వకాల్తా ఈడ గంపలోనే ఉండాది. నువ్వు వచ్చినావేంది?"

"మనిషి రాగూడదని రూలుందా మా?"

ఓబులమ్మ ఆలోచించింది. "లేదు. ఎవరూ రారు గదా, రాయలేదు."

అతను లోపలికి వచ్చి గోడవారగా కూర్చున్నాడు. ఎందుకు వచ్చాడో ఆమెకు తెలుసు. బొమ్మలవంక పక్కన పుట్టల్లో వినుమేకులు దిగేసి, పదకొండేళ్లుగా చెదల చప్పుడు వింటున్నాడు. బోరు ఎండబోతోందని మూడు రోజుల ముందే చెదలకు తెలుస్తుందని అతని మాట. రెండు సభలు "ఆధారం వినబడలేదు" అన్నాయి. ఈరోజు మూడోసారీ అదే అంటే రేపు మేకులు పీకేస్తారు. ఆ తర్వాత చెదలను వినేవాళ్లు ఎక్కడా ఉండరు.

"రెండేండ్లూ నీ వకాల్తా నోరు తెరవలేదన్నా," అంది బిళ్లలను చాప మీద గుండ్రంగా సర్దుతూ. "ఈ పక్కదాన్ని చూడు, చెట్టువేర్లు వినే సారుది. ఒక్కటే నలభై మంది పెట్టు."

"నా మాదిరే చేసినారు గదమ్మా."

ఆమెకు నవ్వొచ్చింది. అతనికి రాలేదు.

సభ మొదలైంది. మూడువందల వడిలో మాటలు మాటల్లా ఉండవు. ఎండిన జొన్నచేలో గాలి పోతున్నట్టుంటుంది. ఆ గలగల వింటూ కూర్చుంటే గది నేల మెల్లగా ఊగుతున్నట్టూ, తాను చేను మధ్యలో కునుకు తీస్తున్నట్టూ ఉంటుంది ఓబులమ్మకు. బిళ్లలు వేడెక్కితే చక్రం తిప్పి వడి తగ్గించడం తప్ప ఆమెకు వేరే పని లేదు.

మూడో అంశంగా చెదల మాట వచ్చినప్పుడు, సభ లెక్కలు చూపే పలక మీద ఒక అంకె ఆమె కంటపడింది.

"అన్నా, నువ్వు పంపిన చప్పుడు ఎంతసేపు?"

"పద్నాలుగు నిమిషాలు."

"ఇవి మూడే విన్యాయి."

ఎర్రిస్వామి లేచి పలక దగ్గరికి వచ్చాడు. "మొదట మూడు నిమిషాలు చెదలు తల కొట్టుకుంటాయి మా, టక్కు టక్కుమని. ఆమీట ఊరుకుంటాయి. ఆ ఊరుకునేదే నేను చెప్పేది."

చప్పుడు లేని చోటు వకాల్తాలకు ఖాళీ. ఖాళీని కత్తిరించడం వాటికి పుట్టుకతో వచ్చిన అలవాటు. లేకుంటే మూడువందల వడి నిలవదు. ఎర్రిస్వామి వకాల్తా కూడా అతని పదకొండేళ్లను కత్తిరించుకునే విన్నది.

"ఈ అంశంపై సమ్మతికి ఇంకా నలభై క్షణాలు," అంది సభను నడిపే గోడ.

వడిని వంద దాకా తగ్గించిన కాపరులు ఉన్నారు. ఒకటికి దించినవాళ్లు లేరు. ఒకటిలో వకాల్తాలు నిలవలేవు, యజమానులను పిలుచుకుంటాయి. ఓబులమ్మ చక్రాన్ని ఆఖరుదాకా తిప్పింది.

జొన్నచేలో గాలి పడిపోయింది.

"కాపరీ, వేడి లేదు. కారణం నమోదు చేయండి," అంది గోడ.

"వినబళ్లేదు. రాసుకో."

"మీ కాపరితనం విచారణకు వెళుతుంది."

"పోనీ."

బిళ్లలు ఒక్కొక్కటిగా తెరుచుకున్నాయి. ఒకదాన్నుంచి కాకి అరుపు, ఇంకోదాన్నుంచి రుబ్బురోలు చప్పుడు. "ఏమిటండీ ఇది? నా వకాల్తా నన్నెందుకు లేపిందీ?" అన్నాడు చెట్టువేర్ల సారు. ఇరవయ్యారో బిళ్లలో ఒక ఆడగొంతు, "ఆయప్ప ఇంట్లో లేడు, చీకటితోనే యాడికో పొయినాడు," అంది.

"ఈడనే ఉండా," అన్నాడు ఎర్రిస్వామి తన భార్యతో.

"చెప్పి పోతే నోరు అరిగిపోతాదా?"

ఓబులమ్మ చాప మీదికి వంగింది. "పద్నాలుగు నిమిషాలు వినండి సార్. మధ్యలో మాట్లాడొద్దు."

చెదలు మొదలుపెట్టాయి. ఎక్కడో లోతున వడ్లగింజలు రాలుతున్నట్టు, టక్కు, టక్కు. మూడు నిమిషాలకు ఆగిపోయాయి.

"అయిపోయిందా?" అని ఎవరో అడిగారు.

"ఉండవయ్యా," అంది ఇంకో గొంతు.

ఆ తర్వాత ఎవరూ అడగలేదు. రుబ్బురోలు ఆగింది. పుట్టలో వేల ప్రాణులు ఊపిరి బిగబట్టి, అడుగున నీళ్లు దిగిపోవడాన్ని వింటున్నాయి. ఇన్ని ఊళ్లలో మనుషులు ఆ వినడాన్ని విన్నారు. ఓబులమ్మకు తన అరికాళ్ల కింద నేల పల్చబడుతున్నట్టు అనిపించి, కాళ్లు ముడుచుకుంది.

పద్నాలుగు నిమిషాలు గడిచాక చెట్టువేర్ల సారు మెల్లగా అడిగాడు. "ఏ బోరండీ ఇది?"

"మా ఇంటెనకదే సార్. మూడోనాటికి నీళ్లకు బదులు గాలి పోసింది."

"మళ్లీ వినిపిస్తారా?"

"సమ్మతి లేదు," అంది గోడ. ఆ మాట అనడం దానికి కొత్త. "ఈ వడిలో సభకు వారం పడుతుంది."

"పట్టనీ," అన్నారు ఎవరో.

రెండోసారీ విన్నారు. పొద్దు నడినెత్తికి వచ్చింది. ఎవరూ బిళ్ల మూసుకోలేదు. ఓబులమ్మ లేచి మూట విప్పి, సంగటి ముద్దను రెండు చేసి, ఊరుబిండి పచ్చడి పక్కన పెట్టి ఎర్రిస్వామి ముందుకు జరిపింది. ఏదో ఊరిలో ఎవరో కంచం కింద పెట్టారు. ఇంకెక్కడో గ్లాసులోకి మజ్జిగ వంపారు. ఇరవయ్యారో బిళ్లలో గాజులు కదిలాయి. చాప చుట్టూ అందరూ తిన్నారు, ఒక్క మాట లేకుండా.