తుపుక్కు సారు

ప్రేమలో పడ్డవాళ్ళందరికీ తొలిచూపు ఒకటి ఉంటుందట. నాకు తొలి ఉమ్ము ఉంది. చెప్పుకోవడానికి బాగోదని తెలుసు గానీ, జరిగింది అదే.

నేను ఒక టీ పొడి కంపెనీలో రుచి చూసేవాణ్ణి. వినడానికి దర్జాగానే ఉంటుంది. చేసే పని మాత్రం పొద్దున్నే వెళ్ళి, బారుగా పేర్చిన కప్పుల ముందు నిలబడి, చెంచాడు టీ సర్రుమని పీల్చి, నోరంతా తిప్పి, పక్కనున్న డబ్బాలో తుపుక్కున ఉమ్మేయడం. మింగకూడదు. అన్ని కప్పులూ మింగుతూ పోతే మధ్యాహ్నానికి గుండె దడ పట్టుకుంటుంది. మా అమ్మ చుట్టాల దగ్గర "మావాడు క్వాలిటీ చూస్తాడు" అని చెప్పి, వాళ్ళు ఇంకో ప్రశ్న వేసేలోపే మాట మార్చేస్తుంది.

మా ఆఫీసు వెనక సందులో చిన్న చిన్న తిండి కొట్లు వరసగా ఉంటాయి. వంట రాని నాలాంటి వాళ్ళకి ఆ సందే వంటిల్లు. ఒక వాన మధ్యాహ్నం గొడుగు మర్చిపోయి, సందు చివర కొత్తగా పెట్టిన కొట్లోకి పరిగెత్తాను. కొట్టంటే ఒక స్టవ్వు, రెండు బల్లలు, పైన టార్పాలిన్. అంతే.

"ఊరికే నిలబడితే కుదరదండీ. తినేవాళ్ళకే చోటు లేదిక్కడ," అంది స్టవ్వు ముందున్న అమ్మాయి.

చూశాను. నుదుటి మీద చెమట, చెంప మీద చినుకు. ఏది చెమటో ఏది చినుకో తేల్చుకోలేక అలాగే చూస్తుండిపోయాను.

"మిమ్మల్నే. ఏం కావాలి?"

"ఏముంది?"

"టోస్టు అయిపోయింది. ఆమ్లెట్‌కి టైం పడుతుంది. టీ ఉంది."

పొద్దుట్నుంచీ టీతోనే మొహం మొత్తి ఉన్నాను. కానీ ఆ గొంతు ఇస్తానంటే విషమైనా పుచ్చుకునేలా ఉన్నాను. ఒక టీ ఇవ్వమన్నాను.

నా ఉద్యోగం నన్ను నిలువునా ముంచింది అక్కడే. కళ్ళు ఆ అమ్మాయి మీద ఉన్నాయి, మనసూ అక్కడే ఉంది. నోరు ఒక్కటే ఎవరూ చెప్పకుండానే డ్యూటీ ఎక్కేసింది. సర్రున పీల్చాను. నోరంతా తిప్పాను. పక్కనున్న చెత్తబుట్టలో తుపుక్కున ఉమ్మేశాను.

బల్లల దగ్గర అందరూ కప్పులు కింద పెట్టేశారు. ఒకాయన తన కప్పులోకి తొంగిచూసుకుని లేచి వెళ్ళిపోయాడు.

"ఏమైంది? ఏం పడింది అందులో?" ఆ అమ్మాయి స్టవ్వు వదిలేసి పరిగెత్తుకొచ్చింది.

"ఏం పడలేదండీ. అలవాటు."

"అలవాటా? ఎవరింటికెళ్ళినా ఇలాగే చేస్తారా?"

"అంటే... నా ఉద్యోగమే అది."

"ఉమ్మేయడమా?"

అవునన్నా చిక్కే, కాదన్నా చిక్కే. అందుకని ఆ రెండూ వదిలేసి, నిపుణుడిలా మొహం పెట్టి నివేదిక ఇచ్చాను. "టీ బాగానే ఉందండీ. ఆకు కాస్త ఎక్కువసేపు మరిగింది, అందుకే చివర్లో వగరు. నీళ్ళు కూడా ఒకసారి కాగి చల్లారినవే మళ్ళీ పెట్టినట్టున్నారు."

ఇంకో ఇద్దరు లేచారు.

"నాన్నా!" అని కేకేసింది. వెనక నుంచి వాళ్ళ నాన్న వచ్చాడు, బ్రెడ్డు కోస్తున్న కత్తితో సహా. గెంటించుకునేదాకా ఆగకుండా నేనే వానలోకి నడిచాను. ఆ మాత్రం పౌరుషం నాకూ ఉంది.

మర్నాటికల్లా సందులో నా పేరు మారిపోయింది. పళ్ళరసం అమ్మే ఒకావిడుంది, అందరికీ పిన్నిగారే. నన్ను చూడగానే ఆవిడ ఎదురొచ్చి, "రండి తుపుక్కు సారూ, నా జ్యూస్ మాత్రం కాస్త మింగండి బాబూ," అంది. సందంతా గొల్లుమంది. తలొంచుకుని నేరుగా సందు చివరికి పోయాను.

"సారీ అండీ."

"మీరు సారీ అంటే లేచిపోయినవాళ్ళు తిరిగొస్తారా?"

"వాళ్ళ బదులు నేను రోజూ వస్తాను."

"ముగ్గురి తిండి ఒక్కరే తింటారా?"

"ట్రై చేస్తాను."

తిన్నాను. టోస్టు, ఆమ్లెట్, సూపు, మళ్ళీ టోస్టు. ఆ అమ్మాయి కోపంగా వడ్డించేది, నేను పశ్చాత్తాపంగా మింగేవాణ్ణి. కొన్నాళ్ళకి నా ప్యాంటు బొత్తాం నాతో మాట్లాడటం మానేసింది. టీ మాత్రం ఇచ్చేది కాదు. చుట్టూ అందరికీ ఇచ్చి, నా దగ్గరికి వచ్చేసరికి కెటిల్ వెనక్కి తిప్పేసేది.

"మీకు లేదు," అనేది. ఆ రెండు మాటల కోసం కూడా నేను గడియారం చూసుకుని ఆఫీసు నుంచి పరిగెత్తేవాణ్ణి. నాకు సిగ్గు లేదని నాకు తెలిసిపోయింది.

ఒకరోజు గమనించాను. కెటిల్‌లో మిగిలిన నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళు పోసి స్టవ్వు మీద పెడుతోంది. నా మొహం నా మాట వినదు కదా, నవ్వేసింది.

"ఏంటా నవ్వు?"

"ఏం లేదండీ."

"మీరు చెప్పారని కాదు."

"నేనేం అనలేదే!"

"మీ మొహం అంటోంది."

ఆ సాయంత్రం అడక్కుండానే నా ముందు ఒక కప్పు పెట్టింది. పెట్టి అటు తిరిగి నిలబడింది. ఈ కప్పు కిందకి వెళ్ళాలి, పైకి రాకూడదు. అంతే నా ఆలోచన. సలసలా కాగే టీ గటగటా తాగేశాను.

కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆమె ఇటు తిరిగి అదిరిపడింది. "అయ్యో! అంత వేడిది ఎవరు తాగమన్నారు?"

"ఉమ్మితే ఈతారి గెంటేత్తారని," అన్నాను. నాలుక తిరగలేదు.

ఐసు ముక్క తెచ్చి చేతిలో పెట్టింది. పెట్టి, పకపకా నవ్వింది. ఆ నవ్వు ఎలా ఉందో రాయను. రాస్తే మా కంపెనీ ప్రకటనలా వస్తుంది. మర్నాడు ఆఫీసులో అన్ని కప్పులూ నాకు ఒకే రుచిగా తగిలాయి. మా పెద్ద టేస్టరు తల పట్టుకుని, "నాలుక కాల్చుకుంటే ఇంక నీకిక్కడ పనేంటయ్యా?" అని ఇంటికి పంపేశాడు. ఇల్లంటే ఎటు వెళ్ళానో వేరే చెప్పక్కర్లేదు.

అప్పట్నుంచి మాటలు పెరిగాయి. నేను కొట్లోకి అడుగుపెట్టగానే వాళ్ళ నాన్న, "అమ్మా, నీ ఇన్‌స్పెక్టరొచ్చాడు," అనేవాడు. "నా ఇన్‌స్పెక్టరేంటి నాన్నా?" అని విసుక్కునేది. ఆ విసుగులో కోపం లేదని కనిపెట్టడానికి నాలుక అక్కర్లేదు. చెవులు చాలు.

నా మనసులో మాట రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ నేను టోస్టులు తింటుండగానే, ఒక శుక్రవారం ఆమె నా ఎదురుగా వచ్చి కూర్చుంది. ఎప్పుడూ కూర్చోదు.

"ఒక పెద్ద కేఫ్ నుంచి ఫోనొచ్చింది. వంటిల్లు మొత్తం నేనే చూసుకోవాలట. ఆదివారం వచ్చి టీ పెట్టి చూపించమన్నారు."

"ఎక్కడ? మెయిన్ రోడ్డు మీదా?"

"కాదు. వేరే ఊరు. పొద్దున బస్సెక్కితే భోజనాల వేళకి చేరతాం."

నా నోట్లో టోస్టు ముక్క ఆగిపోయింది.

"కొన్నాళ్ళు చేసి అంతా నేర్చుకుంటా. తర్వాత నాదే ఒకటి పెట్టుకుంటా. నాలుగు గోడలుండాలి దానికి. వానొస్తే టార్పాలిన్ పట్టుకుని నిలబడక్కర్లేని కొట్టు." ఆ మాటంటున్నప్పుడు ఆమె కళ్ళు మెరిశాయి. "రేపు మీరు రుచి చూసి చెప్పాలి. మా నాన్న ఏం పెట్టినా బాగుందంటాడు. పిన్నిగారు ఏం పెట్టినా చక్కెర చాల్లేదంటుంది. ఆ రోజు నాకు ఒళ్ళు మండిన మాట నిజమే గానీ, ఉన్నదున్నట్టు చెప్పింది మీరొక్కరే. మీరు బాగుందంటేనే వెళ్తాను. లేకపోతే మానేస్తాను."

గదికి వెళ్ళి అద్దం ముందు నిలబడ్డాను. "ఏదో తక్కువైందండీ," అని ప్రాక్టీసు చేశాను. విచారంగా ఒకసారి, పెదవి విరిచి ఒకసారి. ఈ ఒక్క ముక్క అంటే చాలు, ఆమె ఇక్కడే ఉంటుంది, నేను జీవితాంతం టోస్టులు తింటూ ఉంటాను. అంతటి నీచుణ్ణి అద్దంలో చూడటం నాకదే మొదటిసారి. అయినా జుట్టు సరిచేసుకున్నాను.

శనివారం మధ్యాహ్నం కప్పు నా ముందుకొచ్చింది. రెండు రకాల ఆకు కలిపి, ఎండబెట్టిన నారింజ తొక్క కొంచెం వేసిందట. వాళ్ళ నాన్న పెనం మీద ఆమ్లెట్ మర్చిపోయి నన్నే చూస్తున్నాడు. ఆమె వేళ్ళు ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి.

తాగాను. ముందు ఘాటు, వెనకాల తీపి, మింగేశాక ఎక్కడో సన్నగా నారింజ. మా కంపెనీలో ఇన్నాళ్ళూ తాగి ఉమ్మిన టీలన్నీ దీని ముందు దిగదుడుపే. ప్రాక్టీసు చేసిన ముక్క గొంతులోనే చచ్చిపోయింది.

"చాలా బాగుంది. ఒక్క చుక్క కూడా మార్చకండి. వెళ్ళండి, ఆ ఉద్యోగం మీదే."

ఆమె వేళ్ళు నలపడం ఆపేసింది. "వెళ్ళమంటారా?"

"వెళ్ళాలి కదా మరి."

"సరే. థాంక్సండీ," అని కప్పు తీసుకుని లోపలికి పోయింది. ఎగిరి గంతేయాల్సిన మనిషి ఎందుకలా పోయిందో నా మట్టిబుర్రకి తట్టలేదు. లేచి వెళ్ళి పళ్ళరసం బండి దగ్గర కూలబడ్డాను.

"ఏం బాబూ, అలా ఉన్నావు?" అంది పిన్నిగారు.

"త్యాగం చేశాను పిన్నిగారూ."

"ఎవరడిగారు?"

ఈలోగా ఆ అమ్మాయి వాళ్ళ నాన్న ఖాళీ సంచీ ఊపుకుంటూ గబగబా వచ్చాడు.

"ఏమయ్యా, మా అమ్మాయిని ఏమన్నావు?"

"బాగుందన్నానండీ. మీరూ విన్నారుగా."

"బాగుందంటే ఎవరైనా ఏడుస్తారా? ఏమైందమ్మా అంటే ఉల్లిపాయలు కోస్తున్నానంటోంది."

"కోస్తున్నారేమో."

"ఉల్లిపాయలు పొద్దున్నే అయిపోయాయి. తేవడానికే నేను బయల్దేరింది!"

పరిగెత్తాను. అన్నాళ్ళ టోస్టులూ నాతో పాటే పరిగెత్తాయి. కొట్టు వెనక ఆమె ఖాళీ చెక్క మీద కత్తి పెట్టుకుని కూర్చుంది. ముక్కు ఎర్రబడింది.

"ఉల్లిపాయలు లేవటగా," అన్నాను. ప్రేమ విషయం మాట్లాడటానికి వెళ్ళి నేనన్న మొదటి మాట అది.

"ఉంటే మీకేం, లేకపోతే మీకేం? చెప్పాల్సింది చెప్పేశారుగా. వెళ్ళమన్నారుగా."

"మీరు రుచి అడిగారు. రుచి చెప్పాను. నా సంగతి మీరడగలేదు."

కళ్ళు తుడుచుకుని తలెత్తింది. "అయితే ఇప్పుడడుగుతున్నా. చెప్పండి."

"మీరు వెళ్తే నాకు ఏడుపొస్తుంది. మీరంటే నాకు చాలా ఇష్టం. ఏదో తక్కువైందని చెప్పి మిమ్మల్ని ఆపేద్దామని అద్దం ముందు ప్రాక్టీసు కూడా చేశాను. నోరు రాలేదు. మీ టీ నిజంగా అంత బాగుంది. నేనేం చెయ్యను?"

"అద్దం ముందు ప్రాక్టీసా?"

"ఊఁ."

"ఆ మాట నిజంగా అనుంటే, ఎప్పటికైనా తెలిసేది నాకు. జన్మలో మీ మొహం చూసేదాన్ని కాదు."

"తెలుసు."

కాసేపు కత్తి పిడి కేసి చూసింది. "నేను వెళ్తాను," అంది మెల్లగా. "ఆగమని అడగరా?"

"అడగను."

"పోనీ, ఎదురుచూస్తారా?"

"చూడను."

చటుక్కున నా వైపు తిరిగింది. కత్తి ఇంకా చేతిలోనే ఉంది కాబట్టి తొందరగా చెప్పాను. "బస్సులున్నాయి కదండీ. కూర్చుని ఎదురుచూడటమెందుకు? సెలవు దొరికినప్పుడల్లా నేనే వస్తాను."

ఆమె ఏడుస్తూనే నవ్వింది. కత్తి పక్కన పెట్టి, నా చేతి మీద చెయ్యి వేసింది. వెనక నుంచి దగ్గు వినిపించింది. ఉల్లిపాయలకి వెళ్ళాల్సినాయన వెళ్ళనే లేదు.

"ముందు మీ అమ్మానాన్నల్ని తీసుకొచ్చి నాతో మాట్లాడించు," అన్నాడు. "ఆ తర్వాత ఎన్ని బస్సులైనా ఎక్కు. నాకు అభ్యంతరం లేదు." గొంతు కటువుగానే ఉంది గానీ, ఖాళీ సంచీతో కళ్ళు తుడుచుకున్నాడు.

ఆదివారం ముగ్గురం బస్సెక్కాం. కేఫ్ అద్దాల తలుపులు ఎంత శుభ్రంగా ఉన్నాయంటే, తలుపు లేదనుకుని నేను నుదురు కొట్టుకున్నాను. యజమానురాలు పెద్దావిడ. ఆ అమ్మాయి పెట్టిన టీ చుక్క మిగల్చకుండా తాగింది. చివరికి ఖాళీ కప్పు ముందుకు జరిపి, "ఇంకొంచెం ఉందా?" అంది. ఉద్యోగం వచ్చేసిందని ఆ ఒక్క మాటతో అర్థమైంది.

రెండో కప్పు తాగుతూ ఆవిడ, నుదురు బొప్పికట్టిన నన్ను కళ్ళజోడు పైనుంచి చూసింది. "వచ్చినప్పట్నుంచీ చూస్తున్నాను. నీకంటే ఈయనే ఎక్కువ భయపడుతున్నాడు. ఎవరమ్మా ఈయన?"

"నేను కస్టమర్నండీ," అన్నాను గబుక్కున లేచి నిలబడి.

"కాదండీ," అందామె, కెటిల్ కింద పెడుతూ. "మావారు."

ఇంకా కాలేదు కదండీ, ముందు మా అమ్మానాన్నలు వచ్చి మాట్లాడాలి అని ఉన్నదున్నట్టు చెప్పబోయాను. ఆమె నా వైపు చూసింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, సమయానికి నోరు మూసుకున్నాను.