ఒక డిస్కు, రెండు కాపురాలు

"డిస్కోలో పార్టీ... సెంటుబుడ్డి ఆఫీసు... పన్నెండు లోపు... మారువేషం!"

ఫోన్లో చీఫ్ మాటలు అంతే వినపడ్డాయి. మిగతావి రోడ్డు తవ్వుతున్న డ్రిల్లింగ్ మెషిన్ మింగేసింది. ఏజెంట్ సూదిమందు మళ్ళీ అడగలేదు. సెంటుబుడ్డి పేరు వింటే అతనికి చెవులు పనిచెయ్యవు. పళ్ళే పనిచేస్తాయి, పటపటా కొరకడానికి.

విదేశీ ముఠాకి ఇక్కడ పెద్దదిక్కు ఆ సెంటుబుడ్డి. సూదిమందు అన్నయ్యని చంపించినవాడూ వాడే. అన్నయ్య కూడా ఏజెంటే. "ఇదిగో వస్తున్నా, అక్కడే ఉండు" అని వంతెన మీద గంటల తరబడి నిలబెట్టి, వెనకనుంచి కాల్పించాడు. ఆ రోజే సూదిమందు మాటిచ్చాడు: "వాడికి టైమ్ దగ్గరపడింది వదినా."

చనిపోయేముందు అన్నయ్య ఒక మెసేజ్ పంపాడు. "వాడి లాప్‌టాప్‌లో రెండు కాపురాలు. గోడగడియారం ఒక్కటే. ఇల్లు మారినప్పుడల్లా టైమ్ దిద్దుకుంటాడు." దాని అర్థం తమ్ముడికి ఇంతవరకూ తలకెక్కలేదు.

సూదిమందు వెండి తళుకుల కోటు తొడుక్కుని సెంటుబుడ్డి ఆఫీసు గుమ్మంలో దిగాడు. లోపల డిస్కో లేదు. టై కట్టుకున్న గుమాస్తాలు, వాళ్ళ మధ్య ఇతను, పద్దుల పుస్తకాల్లో పడ్డ మిరపకాయ టపాకాయలా! గార్డు తుపాకీ మీద చెయ్యి వేశాడు.

"ఆగు! డాన్సర్. అతిథుల కోసం నేనే పిలిపించా," అంటూ హైహీల్స్ టకటకలాడించుకుంటూ వచ్చింది నెమలి. సెంటుబుడ్డికి సెక్రెటరీ, చీఫ్‌కి గూఢచారి. రెండు జీతాలు, ఒకే లిప్‌స్టిక్.

లిఫ్టు తలుపు మూసుకోగానే కోడ్ వర్డ్ అడిగింది. "ఇంట్లో ఎవరున్నారు?"

"ఇద్దరూ ఉన్నారు."

"ఈ వేషమేంటి మహానుభావా?"

"చీఫ్ చెప్పిందే."

"ఆయనకి పిచ్చెక్కిందా? సరే విను. వాడు హార్డ్ డిస్క్‌ని పార్టిషన్ చేశాడు. అంటే మధ్యలో గోడ కట్టాడు. ఒక వైపు ఒక ఆపరేటింగ్ సిస్టమ్. అందులో పాటలు, ఫోటోలు. పోలీసులు తెరవమంటే అదే చూపిస్తాడు. రెండో వైపు ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్. మధ్యాహ్నం పన్నెండు కొట్టగానే దానంతటదే నెట్‌కి కలిసి కమాండ్ పంపుతుంది. ఊళ్ళో రైలు సిగ్నళ్ళన్నీ ఒక్కసారిగా పచ్చబడతాయి."

రైళ్ళు ఎదురెదురుగా... సూదిమందు కళ్ళు మూసుకున్నాడు. "లాప్‌టాప్ పగలగొడితే?"

"ముట్టుకుంటే కాలుస్తారు. కానీ లోపలి గడియారం రెంటికీ ఒక్కటే. పాటల సిస్టమ్ దాన్ని ప్రపంచ టైమ్‌లో పెడుతుంది. అది మనకన్నా అయిదున్నర గంటలు వెనక. రెండోది అదే మన టైమ్ అనుకుంటుంది. అందుకే ఇటునుంచి అటు మారినప్పుడల్లా చేత్తో దిద్దుకుంటాడు. ఇవాళ పొద్దున్నే దిద్దేశాడు."

అన్నయ్య మెసేజ్ ఇప్పుడు తలకెక్కింది సూదిమందుకి. గోడగడియారం ఒక్కటే! "అయితే వాణ్ణి మళ్ళీ ఇల్లు మారుద్దాం. దిద్దుకునే తీరిక ఇవ్వొద్దు."

పై అంతస్తు హాల్లో ముఠా పెద్దలు సోఫాల్లో కూర్చున్నారు. వాళ్ళ మధ్య గుప్పుమంటూ సెంటుబుడ్డి. సూదిమందు కోటు తళుక్కుమనిపించి వంగి నమస్కరించాడు.

"పాట లేనిదే పాదం కదలదు సార్!"

"సార్, మీ లాప్‌టాప్‌లో ఉన్నాయిగా?" అంది నెమలి అమాయకంగా.

"ఇప్పుడా?"

"వెయ్యవయ్యా!" అతిథులు చప్పట్లు కొట్టారు. విందుకొచ్చినవాళ్ళని కాదనలేక సెంటుబుడ్డి లాప్‌టాప్‌ని పాటల సిస్టమ్‌లోకి మార్చాడు.

సూదిమందుకి డాన్స్ రాదు. పగ వచ్చు. అన్నయ్యని తలుచుకుని ఒక్కో అడుగూ సెంటుబుడ్డి గుండె మీద వేసినట్టు తొక్కాడు. పాట అయిపోతే "వన్స్ మోర్" అని తనే అరిచాడు. పన్నెండు ముంచుకొచ్చింది. సెంటుబుడ్డి చెమటలు కక్కుతూ పాట ఆపి, గబగబా రెండో సిస్టమ్‌లోకి దూకాడు. లోపలి గడియారం దిద్దాలన్న సంగతే గుర్తురాలేదు.

గోడ మీద పన్నెండు కొట్టింది.

అందరూ కిటికీలోంచి స్టేషన్ వైపు చూశారు. సిగ్నళ్ళు ఎర్రగానే ఉన్నాయి.

"ఏమైంది?" ముఠా పెద్ద గొంతు చల్లగా ఉంది.

సెంటుబుడ్డి తెర మూల చూశాడు. అక్కడ ఇంకా పొద్దున్న ఆరున్నరే! టైమ్ దిద్దడానికి చెయ్యి చాచాడు. ఆ మణికట్టుని సూదిమందు కసిదీరా మెలితిప్పాడు.

"మా అన్నయ్యని వంతెన మీద వెయిట్ చేయించావుగా? ఇప్పుడు నువ్వు వెయిట్ చెయ్యి."

కాల్చబోయిన గార్డు పాదాన్ని నెమలి తన హైహీలుతో తొక్కి గురి తప్పించింది. తలుపు బద్దలైంది. చీఫ్ మనుషులు దూసుకొచ్చారు.

అందరికీ బేడీలు పడ్డాక చీఫ్ సూదిమందుని ఎగాదిగా చూశాడు. "ఈ తళుకులేంటయ్యా?"

"మీరేగా డిస్కోలో పార్టీ అన్నారు!"

"డిస్కులో పార్టిషన్ అన్నాను! కంప్యూటర్ రిపేరువాడిలా మారువేషం వేసుకుని రమ్మన్నాను!"

హాలంతా గొల్లుమంది. బేడీలు వేసిన పోలీసులూ, వేయించుకున్న ముఠా కూడా. సెంటుబుడ్డి ఒక్కడే నవ్వలేదు. "అంటే ఒక చెవిటివాడి చేతిలో చిక్కానా?"

సూదిమందు కోటు దులుపుకున్నాడు. "చెవి నాదే. బుర్ర మాత్రం మా అన్నయ్యది."