రెండో అంతస్తు మలుపులో కుర్చీ

ఆడపిల్లతో మొదటిసారి ఏం మాట్లాడకూడదో ఎవరైనా పుస్తకం రాస్తే, మొదటి పేజీలో నా మాటే ఉంటుంది.

"మేడమ్, మీరు నూరు కిలోల దగ్గర్లో ఉంటారు కదా. ఒక్కసారి ఇలా వచ్చి ఈ మెషీన్ ఎక్కుతారా?"

ఆస్పత్రి వెయిటింగ్ హాల్లో ఉన్నవాళ్ళందరూ తలలెత్తి నన్ను చూశారు. రిసెప్షన్‌లో అమ్మాయి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, మాట్లాడడం మానేసి అలాగే ఉండిపోయింది.

తప్పు నాది కాదని అనను. కానీ నా వైపు కూడా కొంచెం వినండి. తూకం మెషీన్లు పరీక్షించి, సరిచేసి, సీలు వేయడం నా పని. మా నాన్న పనీ అదే. అందుకే చిన్నప్పటి నుంచీ నన్నందరూ కాటా అనే పిలుస్తారు. ఆ రోజు నేను చూడాల్సింది రెండు వందల కిలోల మెషీన్. నా దగ్గరున్నవి ఇరవై కిలోల తూకం రాళ్ళు ఐదు. నూరు వరకు బాగానే చూపించింది. నూరు దాటాక ఎలా చూపిస్తుందో తెలియాలంటే ముందు బరువైన మనిషి ఎవరైనా ఎక్కాలి, తర్వాత వాళ్ళ పక్కన నా రాళ్ళు పెట్టాలి. ఎంత పెడితే అంతే పెరగాలి. ఇది మా పద్ధతి. పనిలో ఉన్నప్పుడు నాకు మనుషులు కూడా కిలోల్లోనే కనిపిస్తారు.

కిటికీ పక్క కుర్చీలో పిల్లల నోట్‌బుక్కులు దిద్దుకుంటున్న ఆమె, ఎర్ర పెన్నుకి నిదానంగా మూత పెట్టి నా వైపు చూసింది.

"నూరు కాదు. నూట పద్నాలుగు," అంది, హాలంతా వినపడేలా.

"ఫర్వాలేదండీ, అదీ పనికొస్తుంది," అన్నాను.

ఒకసారి జారిన నోరు రెండోసారి జారడానికి ఆలోచించదు.

ఆమె రెండు క్షణాలు నన్ను ఎగాదిగా చూసి, మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి, వచ్చి మెషీన్ ఎక్కింది. అదీ నూట పద్నాలుగే చూపించింది. ఆమె పాదాల చుట్టూ నాలుగు రాళ్ళు పేర్చాను.

"నన్నేమైనా పునాదిలో పెట్టి కట్టేస్తున్నారా?" అంది.

నేను అంకె చూసి తల గోక్కున్నాను. "ఎనభై పెడితే ఎనభై రెండు పెరిగిందండీ. నూరు దాటాక మెషీన్ ఎక్కువ చూపిస్తోంది. మీరు నూట పద్నాలుగు ఉండరు. ఓ అర కిలో తక్కువే."

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతుంటే రాళ్ళు కదిలాయి, అంకె ఆగకుండా గంతులేసింది.

"డైటింగులు, వాకింగులు, మా పిన్ని తెచ్చిన పొడులు. ఏడేళ్ళలో ఎవరివల్లా కాలేదు. మీరు పది నిమిషాల్లో అర కిలో తగ్గించారు. థాంక్సండీ."

సైన్స్ టీచరట. బరువు తగ్గే ఆపరేషన్ గురించి డాక్టర్‌తో మాట్లాడడానికి వచ్చిందట. "చేయించుకుంటానో లేదో ఇంకా తెలీదు," అని అంతే మామూలుగా చెప్పింది. వెళ్ళిపోతూ ఆగి, "మా స్కూలు ల్యాబ్‌లో మూడు త్రాసులున్నాయి. ఒక్కటీ తిన్నగా నిలబడదు. వస్తారా, కాటాగారూ?" అంది.

నా పేరు ఎవరు చెప్పారో తెలియదు. రిసెప్షన్ అమ్మాయే అయ్యుంటుంది. ఆ అమ్మాయికి ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి.

*

ల్యాబ్ మూడో అంతస్తులో ఉందని ఆమె చెప్పలేదు.

ముద్ర వేసిన తూకం రాళ్ళని బండిలో వదిలేసి వెళ్ళకూడదని మా నాన్న పెట్టిన నియమం. ఎవరి చెయ్యైనా తగిలి గీత పడితే అవింక పరీక్షకి పనికిరావు. ఆ రోజు నా దగ్గర రెండు రాళ్ళున్నాయి. చేతికొకటి పట్టుకుని మెట్లెక్కాను. మొదటి అంతస్తు దాకా హుషారుగానే వెళ్ళాను. రెండో అంతస్తు మలుపులో గోడకి ఆనించి ఒక చెక్క కుర్చీ కనిపించింది. దాని మీద కూలబడి, వేసినవాళ్ళెవరో గానీ వాళ్ళ కడుపు చల్లగా ఉండాలనుకున్నాను.

"లేవండి. అది నా కుర్చీ."

ఆ టీచర్ కింద నుంచి మెట్ల కమ్మీ పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగి ఎక్కుతోంది. చంకలో నోట్‌బుక్కుల కట్ట. నేను లేచాను. ఆమె కూర్చుని, ఊపిరి కుదుటపడేదాకా ఎర్ర పెన్నుతో రెండు నోట్‌బుక్కులు దిద్దింది.

"ప్రతి మలుపులో రెండు దిద్దుతాను. పిల్లలు, పాపం, నన్ను చాలా కష్టపడే టీచరనుకుంటారు."

"కింద క్లాసులు తీసుకోవచ్చు కదండీ?"

"హెడ్ మేడమ్ అదే అంటున్నారు. వచ్చే ఏడాది నుంచి కిందే ఇస్తారట. కానీ ల్యాబు పైనుంది. పరీక్ష నాళికలు పట్టుకోకుండా సైన్స్ చెప్పడం ఒడ్డున నిలబెట్టి ఈత నేర్పడమే. నాకది చేతకాదు." పెన్ను మూసి నా రాళ్ళ వైపు చూపించింది. "అవెంత?"

"రెండూ కలిపి నలభై."

"డాక్టరు నన్ను తగ్గమన్నదీ ఇంచుమించు అంతే. మీరు పైకెళ్ళాక కింద పెట్టేస్తారు. నేను ఇంటికి తీసుకెళ్ళాలి."

ఫిర్యాదులా అనలేదు. రైలు టైము చెప్పినట్టు చెప్పింది. నా అరచేతుల్లో ఎర్రగా వాచిన గీతలు చూసుకున్నాను. ఆ రోజే ఆమె మీద గౌరవం కలిగింది. మిగతాది కూడా ఆ రోజే మొదలై ఉండాలి.

మూడు త్రాసులు ఒక్క పూటలో అయిపోయే పని. నేను ఐదుసార్లు వెళ్ళాను.

ఐదోసారి గొడుగుకి ఆగనంత వాన పట్టుకుంది. స్కూలు గేటు పక్క రేకుల షెడ్డు కింద ఇద్దరమే ఇరుక్కున్నాం. రేకుల మీద చినుకుల మోత. ఆమె చెంప మీద ఎర్ర ఇంకు మరక. అంతకంటే మంచి సమయం దొరకదనుకున్నాను. రెండు రోజులుగా అద్దం ముందు ప్రాక్టీసు చేసిన మాట అనేశాను.

"ఆ ఆపరేషనూ అదీ వద్దండీ. నాకు మీరిలాగే ఇష్టం."

సిగ్గుపడుతుందనుకున్నాను. ఆమె ముఖం మాత్రం వానలో తడిసిన నోట్‌బుక్కులా ముడుచుకుపోయింది.

"మా పిన్ని పెళ్ళి కోసం చేయించుకోమంటోంది. మీరు ప్రేమ కోసం మానుకోమంటున్నారు. ఇద్దరికీ తేడా ఏముంది కాటాగారూ? ఆవిడకి నచ్చేలా ఉండాలి, లేకపోతే మీకు నచ్చేలా ఉండాలి. నా మోకాళ్ళు, నా షుగరు, నా ల్యాబు, ఇవెవరికైనా గుర్తున్నాయా?"

"నా ఉద్దేశం అది కాదండీ…"

"తెలుసు. మీరు మంచివాళ్ళు. అందుకే ఎక్కువ బాధేసింది."

వాన తగ్గకముందే వెళ్ళిపోయింది. ఆమె గొడుగు నా చేతిలోనే ఉండిపోయింది.

*

ఇంట్లో మా నాన్న ఒక పాత త్రాసు పళ్ళేన్ని రుద్దుతున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఎవరి ముఖమైనా చూడగానే ఎంత బరువు మోస్తున్నారో చెప్పేస్తాడు. దాచడం నావల్ల కాలేదు. జరిగిందంతా చెప్పాను.

"నీకు పని నేర్పించిన మొదటి రోజు ఏం చెప్పానురా?"

"తూచేటప్పుడు పళ్ళెం మీద వేలు ఆనించకూడదని."

"మరి ఆ అమ్మాయి తన బతుకు తను తూచుకుంటోంది. నువ్వెళ్ళి వేలు ఆనించావు." పళ్ళేన్ని వెలుతురులోకి ఎత్తి చూసుకున్నాడు. "ప్రేమతోనే ఆనించావులే. అయినా తూకం తప్పుతుంది."

మర్నాడు గొడుగు పట్టుకుని వెళ్ళాను. చెక్క కుర్చీ పక్కన నిలబడి, "వేలు తీసేశానండీ," అన్నాను. ఆమెకి అర్థం కాలేదు. నాన్న మాట చెప్పాను. ఒకే నోట్‌బుక్కుని చాలాసేపు దిద్దుతూ కూర్చుంది.

"శనివారం ఆస్పత్రిలో మీటింగుంది," అంది చివరికి. "చేయించుకున్నవాళ్ళు, వద్దనుకున్నవాళ్ళు ఇద్దరూ వచ్చి మాట్లాడతారట. అమ్మకి భయం, పిన్నికి తొందర. పక్కన నోరు మూసుకుని కూర్చునే మనిషి ఒకరు కావాలి. మీవల్ల అవుతుందా?"

"తప్పకుండా ప్రయత్నిస్తానండీ. ఎందుకంటే…"

"ఇప్పుడే తప్పారు."

శనివారం, మెషీన్ల లెక్కలు రాసుకునే నా సర్వీసు పుస్తకం తీసుకెళ్ళి, చెప్పిందల్లా రాసుకున్నాను. ఆపరేషన్ చేయించుకున్న ఒక బస్సు డ్రైవరమ్మ తన సంగతి చెప్పింది. మొదటి ఏడాది జుట్టు రాలిందట, పిల్లల గిన్నెలో పట్టేంతే తింటుందట, విటమిన్ మాత్రలు జీవితాంతం తప్పవట. అయినా మళ్ళీ చేయించుకోమన్నా చేయించుకుంటానంది. ఒక వడ్రంగి వద్దనుకున్నాడు. మందులతో, తిండి మార్చుకుని నెమ్మదిగా తగ్గుతున్నాడు. ఆయన కూడా సంతోషంగానే ఉన్నాడు. నేను ఒక్కసారి చప్పట్లు కొట్టబోయి చేతులు కట్టేసుకున్నాను.

"మా అమ్మాయికేమైనా అయితే?" అని మాతో వచ్చిన టీచర్ వాళ్ళమ్మగారు అడిగారు. ఏమీ కాదని డాక్టరు అబద్ధం చెప్పలేదు. ఏమేం కావచ్చో, ఎంత అరుదో, అలా అయితే ఏం చేస్తారో విడమరిచి చెప్పింది. కొందరికి బరువు మళ్ళీ పెరగొచ్చని కూడా చెప్పింది.

బయటికి రాగానే పిన్నిగారు నన్ను పట్టుకున్నారు. "నువ్వేమంటావు బాబూ?"

"నేనేమీ అననండీ."

"ఏమీ అననివాడివి వచ్చిందెందుకు?"

"పుస్తకం మోయడానికి."

పిన్నిగారు బుగ్గలు నొక్కుకున్నారు. వాళ్ళమ్మగారు మాత్రం అప్పుడు మొదటిసారి నన్ను తేరిపార చూశారు.

*

రెండు వారాలు నేను అడగలేదు. ఆ రెండు వారాలు నాలుక కరుచుకుని బతికాను. అడగబోయి వాతావరణం గురించి మాట్లాడాను. మా ఊరి వాతావరణం గురించి అంత వివరంగా ఎవరూ మాట్లాడి ఉండరు.

చివరికి ఆమే ఫోన్ చేసి స్కూలుకి రమ్మంది. కుర్చీలో కూర్చుని ఉంది. పెన్ను చేతిలో లేదు.

"చేయించుకుంటాను," అంది. "పిన్ని కోసం కాదు. మీ కోసమూ కాదు. మూడో అంతస్తు కోసం. రాత్రిళ్ళు ఊపిరందక లేవకుండా నిద్రపోవడం కోసం. భయంగా లేదని కాదు. భయాన్ని అటు పళ్ళెంలో పెట్టి చూసినా తూకం ఇటే మొగ్గింది."

మీటింగు రోజు ఆమెకిచ్చిన నా పుస్తకం తిరిగి ఇచ్చింది. "రెండు వారాల్లో మీరొక్కసారి కూడా అడగలేదు. అందుకే అందరికంటే ముందు మీకు చెబుతున్నాను."

ఆపరేషన్ రోజు పొద్దున నర్సు ఆమెని నేను సీలు వేసిన మెషీన్ మీదే నిలబెట్టింది. దిగాక ఆమె తన మోకాలిని చేత్తో నిమురుకుంది.

"ఎంతమంది ఏమన్నా, ఇన్నేళ్ళూ నన్ను మూడో అంతస్తుకి చేర్చింది ఈ ఒళ్ళే. దీని మీద కోపంతో కాదు కాటాగారూ, దీనికి థాంక్స్ చెప్పి వెళ్తున్నాను."

నోట్‌బుక్కుల కట్ట నా ఒళ్ళో పెట్టింది. ఆపరేషన్ గది తలుపు మూసుకుంది. హాల్లో వాళ్ళమ్మగారూ నేనూ మూడు గంటలు పక్కపక్కన కూర్చున్నాం. నర్సు బూట్ల చప్పుడు వినిపించినప్పుడల్లా ఇద్దరం ఒకేసారి లేచి, ఒకేసారి కూర్చున్నాం.

"అది సన్నబడకపోయినా ఫర్వాలేదు బాబూ. నవ్వుతూ బయటికొస్తే చాలు," అన్నారావిడ.

"నాకూ అంతేనమ్మా."

ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. డాక్టరు వచ్చి అంతా బాగుందని చెప్పేదాకా వదల్లేదు.

*

తొమ్మిది నెలల తర్వాత త్రాసులు చూడమని స్కూలు నుంచి మళ్ళీ కబురొచ్చింది. ఈసారి నిజంగానే పని ఉంది. రెండు రాళ్ళూ మోసుకుంటూ వెళ్ళి, అలవాటుగా రెండో అంతస్తు మలుపులో కూలబడ్డాను.

కింద నుంచి అడుగుల చప్పుడు. కమ్మీ పట్టుకోలేదు. మెట్టు మెట్టుకీ ఆగలేదు. నన్ను దాటి నాలుగు మెట్లు ఎక్కేసి, అప్పుడు వెనక్కి తిరిగింది. జుట్టు పలచబడింది, అలసట ఇంకా ఉంది, నవ్వు మాత్రం మెషీన్ మీద చూసిందే.

"ఆగకుండా ఎక్కుతుంటే ఒక్క నోట్‌బుక్కూ దిద్దలేకపోతున్నాను. పిల్లలు బద్ధకపు టీచరంటున్నారు," అంది. కిందికి దిగొచ్చి చెయ్యి చాపింది. "ఒక రాయి ఇటివ్వండి."

వద్దండీ అనబోయాను. ఆ మాట పళ్ళ దాకా వచ్చింది. మింగేసి, "డాక్టరు ఒప్పుకున్నారా?" అని మాత్రం అడిగాను.

"ఒప్పుకున్నారు. అడిగే తెలుసుకున్నాను."

రాయి అందించాను. రెండు చేతులతో పొట్టకి ఆనించుకుని ఎక్కింది. నేను రెండోదానితో వెనకే ఎక్కాను. మధ్యలో ఒకసారి ఆగింది. నేనూ ఆగాను. మళ్ళీ ఎక్కింది. ల్యాబ్‌లో బల్ల పక్కన వంగి, ఆ ఇరవై కిలోలు నేల మీద దించింది. ఖాళీ చేతులు రెండూ నా ముందు చాపి చూపించింది.

"కింద పెట్టేశాను," అంది. కళ్ళ నిండా నీళ్ళు.

నా కళ్ళ సంగతి ఇక్కడ రాయను.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "ఆ రోజు వానలో తప్పుగా చెప్పిన మాట ఇప్పుడు సరిగ్గా చెప్పండి," అంది.

"మీరంటే ఇష్టం."

"ఎలా ఉంటే?"

"అది మీరు చూసుకోండి. నాకు మీరుంటే చాలు."

ఆమె నా అరచెయ్యి లాక్కుంది. రాయి పిడి ఒరుసుకున్న గీత పక్కనే ఎర్ర పెన్నుతో పెద్ద టిక్కు పెట్టింది. "మా అమ్మ ఎప్పటి నుంచో అడుగుతోంది, పుస్తకం మోసే అబ్బాయిని ఇంటికెప్పుడు తీసుకొస్తావని. ఆదివారం రా. మీ నాన్నగారిని కూడా తీసుకురా."

మొదటిసారి నన్ను ‘రా’ అంది. త్రాసులు ఆ రోజు సరిచేశానో లేదో నాకు గుర్తు లేదు. చెయ్యి మాత్రం ఆదివారం దాకా కడుక్కోలేదు.