పాత గొట్టం అక్కర్లేదట!

ఫిబ్రవరిలో ఒకడు పోయాడు, జూన్‌లో ఇంకొకడు. ఇద్దరూ సముద్రం అవతలి దేశం నుంచి రాకెట్ల రహస్యాలు పట్టుకుని అమెరికా పారిపోయి వచ్చినవాళ్లే. ఇద్దరికీ తగిలింది ఎవరో వేటగాడి దారితప్పిన తూటా అని కాగితాల మీద రాసేశారు. దారితప్పిన తూటా రెండుసార్లూ సరిగ్గా గుండెనే వెతుక్కుని వెళ్లడం విచిత్రం కాదూ!

మిగిలినవాడు ఎమిల్ బార్తా. అరవై ఏళ్లవాడు. మోంటానాలో కోల్టర్ క్రీక్ అనే చిన్న ఊళ్లో బేకరీ పెట్టుకుని, హకిల్‌బెర్రీ పళ్లు కూరిన పై అనే తీపి రొట్టెలు కాలుస్తూ బతుకుతున్నాడు.

"ఇతను కూడా పోతే ఆ దేశం నుంచి మనల్ని నమ్మి ఇంకెవడూ రాడు," అన్నాడు గూఢచారి శాఖ చీఫ్ ట్రాస్క్. "అక్టోబర్ ఎనిమిదిన ఆ ఊళ్లో రైఫిల్ పోటీ. పది మంది కాలుస్తారు. అందులో ఒకరు వాళ్ల మనిషి."

"ఎవరు?" అన్నాడు ఏజెంట్ నెల్స్ హాగెన్.

"తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను?"

"బార్తాని ఆ రోజు ఇంట్లో కూర్చోబెడితే?"

"చెప్పి చూశాం. ఇరవై ఏళ్లు దాక్కున్నాను, ఇక నా వల్ల కాదు, పోటీలో నా పై రొట్టె నేనే పంచుతాను అన్నాడు. మొండి ఘటం!" ట్రాస్క్ బల్ల మీదకి ఓ చిన్న డబ్బీ తోశాడు. "చెవిలో పెట్టుకో. పెద్ద చప్పుళ్లని అణుస్తుంది, చిన్న చప్పుళ్లని పెంచుతుంది. ఇంకొకటి. మన కొరిన్ వెల్డన్ కూడా పోటీలో దిగుతోంది. నీకు తోడు."

అలా హాగెన్ ఆ ఊళ్లోని ఓర్విల్ ప్రూయిట్ తుపాకుల షాపులో కొత్త పనివాడి వేషం కట్టాడు. డెబ్బై దాటిన ఓర్విల్‌కి అసలు సంగతి తెలుసు. తెలిసినా పనిలో పిసరంత కూడా తగ్గించలేదు మహానుభావుడు.

ఆ షాపే ఎందుకంటే, ఆ ఏడు పోటీకి వచ్చే తుపాకి ప్రతిదీ అక్కడికి రావలసిందే. పోటీ అంతా సైన్యం వాడిన పాత గరాండ్ రైఫిళ్లతో. అవి పుట్టింది థర్టీ ఆట్ సిక్స్ అనే పొడుగు తూటాకి. ఈసారి క్లబ్బు వాళ్లు త్రీ నాట్ ఎయిట్ అనే పొట్టి తూటా తెప్పించి, మేమిచ్చేదే కాల్చాలి అన్నారు. అంటే గొట్టం మార్పించుకోవాలి, లేదా ఇంట్లో కూర్చోవాలి. ఊరు ఊరంతా ఇదే గొడవ.

"మా తాత జర్మనీ దాకా మోసిన తుపాకి ఇది," అన్నాడో పశువుల ఆసామి. "గొట్టం మారిస్తే ఆయన ఒప్పుకుంటాడంటావా?"

"మీ తాత పోయి పదేళ్లయింది కదరా!" అన్నాడు ఓర్విల్.

"అదే నేననేది. ఇప్పుడు అడుగుదామన్నా కుదరదే!"

చివరికి మార్పించుకున్నాడు. పాత గొట్టాన్ని నూనె గుడ్డలో చుట్టి చేతిలో పెట్టేదాకా గుమ్మం కదల్లేదు. అక్కడ అందరూ అంతే. దాంతో దీపం స్టాండు చేయించుకునేవాడొకడు, టమాటా మొక్కకి ఊతం పెట్టుకునేవాడొకడు. పారేయడం మాత్రం ఎవరూ ఎరగరు.

సోమవారం కొరిన్ వచ్చింది. ఎర్రటి స్కార్ఫ్, చేతిలో గరాండ్. షాపులో ఉన్న నలుగురూ మాట్లాడుతున్న మాట మరిచిపోయారు.

"ఎల్క్ దుప్పులు ఈ ఏడు తొందరగా కొండ దిగాయట," అంది హాగెన్‌తో.

"మంచు పడకుండానేనా?" అన్నాడు హాగెన్. సంకేతం సరిపోయింది.

ఓర్విల్ తుపాకిని చేతుల్లోకి తీసుకుని పసిబిడ్డని చూసినట్టు చూశాడు. "ఇది ఎవరిదమ్మా?"

"మా నాన్నది. యాభై ఒకటిలో కొరియాలో పోయారు. ఆయన స్నేహితుడు దీన్ని దొంగచాటుగా ఇంటికి చేర్చాడు. అప్పటినుంచి పెట్టెలోనే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు."

"అయితే నా మాట విను. ఒక్క పోటీ కోసం మీ నాన్న గొట్టం ఊడపీకించుకుంటావా? ఆ పొడుగు తూటాకే పుట్టిందిది. హాయిగా కూర్చుని చూడు, కాఫీ నేను పోయిస్తా."

"లేదండీ. మార్చండి."

ఓర్విల్ ససేమిరా అన్నాడు. హాగెన్ ఆయన్ని పక్కకి తీసుకెళ్లాడు. "పెద్దాయనా, ఆమె మా మనిషి. కాల్చే లైన్లో ఉండి తీరాలి. నా మాట విని చేసెయ్."

"నీ మాట మీద చేస్తున్నా. రేపు ఆ పిల్ల ఏడిస్తే ఓదార్చేది నువ్వే!"

ఓదార్చడానికి హాగెన్‌కి అభ్యంతరమేమీ లేదు. ఆ సాయంత్రం కాఫీ హోటల్లో ఆమె మళ్లీ తండ్రి కథే చెప్పింది. "షాపులో చెప్పింది నాటకం కాదు నెల్స్. నిజంగా నాన్నదే. ఆయన కోసమే ఈ ఉద్యోగంలో చేరాను." ఆమె కళ్లలో నీళ్లు చూసి హాగెన్ గుండె కరిగిపోయింది. ఆమె మీద ఇష్టం పుట్టింది, దాచుకోవడం ఎందుకు!

శుక్రవారం కొరిన్ కొత్త గొట్టంతో తుపాకి తీసుకుంది.

"పాతది చుట్టి ఇమ్మంటావా అమ్మా?" అన్నాడు ఓర్విల్.

"అబ్బే, అక్కర్లేదు. చెత్తలో పడేయండి."

ముసలాయన ఆ గొట్టం పట్టుకుని చెత్తబుట్ట దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చాడు.

శనివారం ఉదయం పది మంది షూటర్లు గడ్డి మీద బోర్లా పడుకున్నారు. చెవిలో యంత్రంతో హాగెన్ వెనక నిలబడి తొమ్మిదిమందినీ మార్చి మార్చి చూస్తున్నాడు. పదో మనిషి కొరిన్, ఆమెని చూడాల్సిన పనేముంది? పక్కన ఎమిల్ బార్తా పొగలు కక్కే పై పట్టుకుని తయారుగా ఉన్నాడు. పోటీ అయ్యాక దాన్ని గురిపలకల దగ్గరికి తీసుకెళ్లి అక్కడ ఫొటో దిగడం ఆనవాయితీ. చల్లారిపోతుందని ఆయనకి ప్రతి ఏడూ తొందరే. కాల్పులు అయిపోయాయని పోటీ నడిపే ఆఫీసర్ 'లైన్ సేఫ్' అనకముందే అడుగేస్తాడు, ప్రతి ఏడూ తిట్లు తింటాడు.

ఆఖరి రౌండు మొదలయ్యేసరికి ఓర్విల్ ఒక మూట పట్టుకుని ఆయాసపడుతూ వచ్చాడు.

"పారెయ్యడానికి చేతులు రాలేదురా. తోమి తెచ్చాను. ఇవాళ కాకపోతే రేపైనా అడుగుతుంది. తండ్రిది కదా!"

హాగెన్ గుడ్డ విప్పాడు. గొట్టం మీద తయారైన నెల, సంవత్సరం అచ్చు గుద్ది ఉన్నాయి. 11, 53.

యాభై ఒకటిలో పోయిన మనిషి తుపాకికి, ఎవరూ ముట్టుకోని తుపాకికి, యాభై మూడులో చేసిన గొట్టమా? తండ్రి లేడు, కథ లేదు, కన్నీళ్లూ అబద్ధమే. వాళ్ల మనిషి ఆమే! గొట్టం అక్కర్లేదన్నప్పుడే అర్థం కావలసింది. లైన్లో చోటు ఆమెకి ఇప్పించింది ఎవరు? తనే!

అప్పటికే తుపాకులు పేలుతున్నాయి. ఒక్కొక్కరికీ ఎనిమిది తూటాలు. ఎనిమిదోది పేలగానే గరాండ్ లోపల తూటాలని పట్టి ఉంచే ఇనుప క్లిప్పు టింగుమని ఎగిరిపడుతుంది. చెవిలో యంత్రం ఆ చప్పుళ్లని గంటల్లా మోగిస్తోంది. హాగెన్ టింగులు లెక్కపెడుతూ పరిగెత్తాడు. ఏడు... ఎనిమిది... తొమ్మిది.

కాల్పులు ఆగాయి. పదో టింగు మోగలేదు. ఒక తుపాకిలో ఇంకా ఒక తూటా ఉంది.

"ఎమిల్! వెనక్కి రావయ్యా, నేనింకా సేఫ్ అనలేదు!" అని ఆఫీసర్ అరిచాడు. ఎమిల్ నవ్వుతూ పై పట్టుకుని లైన్ దాటి నాలుగడుగులు వేశాడు. కొరిన్ తుపాకి మొన మెల్లగా అటు తిరిగింది.

హాగెన్ ఆమె మీద పడ్డాడు. మొనని గడ్డిలోకి నొక్కి, పక్కనున్న పిడిని పట్టుకుని బలంగా వెనక్కి లాగాడు. పేలని తూటా బయటికి ఎగిరింది. దాని వెనకే క్లిప్పు.

టింగ్!

"నీకేమైనా పిచ్చా నెల్స్?" అని గింజుకుంది కొరిన్.

"మీ నాన్నగారి గొట్టం దొరికింది," అన్నాడు హాగెన్. "ఆయన పోయిన రెండేళ్లకి పుట్టింది."

ఆమె గింజుకోవడం ఆపేసింది. తుపాకి లోపల ఇంకేమైనా మిగిలిందేమోనని హాగెన్ బొటనవేలు పెట్టి తడిమాడు. ఇనుప బోల్టు ఒక్కసారిగా మూసుకుని వేలిని కొరికేసింది. చెవిలో యంత్రం అతని కేకనే అతనికి వినపడకుండా అణిచేసింది.

ఎమిల్‌కి ఏమీ అర్థం కాలేదు. "ఏమైందర్రా? పై చల్లారిపోతోంది!" అన్నాడు.

ఆమెని జీపు ఎక్కించాక ఓర్విల్ ఆ నల్లబడిన వేలిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "గరాండ్ ముట్టుకున్న ప్రతివాడికీ ఒకసారి ఇది తప్పదు. ఇప్పుడు పనివాడివయ్యావు పో! సోమవారం ఎనిమిదింటికల్లా రా."

"అది సాక్ష్యం పెద్దాయనా, ఆ గొట్టం నాకివ్వు."

"ఏ గొట్టం?" అన్నాడు ఓర్విల్ అమాయకంగా.

హెడ్‌క్వార్టర్స్ ఫైల్లో ఇప్పటికీ 'సాక్ష్యం నంబర్ నాలుగు, కనిపించుట లేదు' అనే ఉంది. ఎమిల్ బార్తా మాత్రం బేకరీ వెనక పెరట్లో ఓర్విల్ ఇచ్చిన కొత్త ఊతం మొదట్లో రోజూ నీళ్లు పోస్తున్నాడు, టమాటాలు బాగా కాస్తున్నాయట.