రెండు పుల్లలు

లంచ్ బెల్ మోగగానే క్లాసంతా బయటికి పరుగు తీసింది. పిచ్చుక మాత్రం సైన్స్ గదిలోనే ఉండిపోయింది. గలగలా వాగుతుందని ఆ అమ్మాయికి పెట్టిన పేరది. పొద్దుటి నుంచి ఆ నోట మాటే లేదు.

బల్ల మీద పిల్లలు చేసిన అట్టకార్లు ఉన్నాయి. ఒక్కోదాంట్లో ఒక పచ్చిగుడ్డు కూర్చుంటుంది. కారు వాలుబల్ల మీంచి జారి గోడను గుద్దుకున్నా, గుడ్డు పగలకూడదు. గెలిచిన కారు సైన్స్ ఫెయిర్‌కి వెళ్తుంది.

పొద్దున టీచర్ ఉంగరాల జుట్టు పిల్ల కారును చేతిలోకి తీసుకుని మరీ మెచ్చుకుంది. పిచ్చుక కారు వైపు తలైనా తిప్పలేదు. డ్రాయింగ్‌లో ఆ పిల్లే, పాటల్లో ఆ పిల్లే, ఇప్పుడు ఇందులోనూ ఆ పిల్లేనా? పిచ్చుకకు కడుపు మండిపోయింది.

ఆ పిల్ల కారు మూతికి గట్టిదనం కోసం రెండు ఐస్‌క్రీమ్ పుల్లలు అతికించి ఉన్నాయి. పిచ్చుక అటూ ఇటూ చూసి, వాటిని పీకి జేబులో వేసుకుంది.

లంచ్ అయ్యాక పోటీ మొదలైంది. పిచ్చుక కారు గోడకు తగిలినా చెక్కుచెదరలేదు. లోపలి గుడ్డు మాత్రం చితికిపోయింది. ఉంగరాల పిల్ల కారు మూతి నుజ్జునుజ్జయింది. గుడ్డుకు గీతైనా పడలేదు!

"పాతకాలం కార్లు చాలావరకు ముందునుంచి వెనక దాకా గట్టిగా ఉండేవి. గుద్దుకుంటే దెబ్బ లోపలివాళ్లకు తగిలేది," అంది టీచర్. "ఇప్పటి కార్ల ముందుభాగం కావాలనే నలిగేలా చేస్తారు. దెబ్బలో చాలావరకు అదే తీసుకుంటుంది. మనుషులు కూర్చునే చోటు మాత్రం గట్టిగా ఉంచుతారు. నీకీ ఆలోచన ఎలా వచ్చిందమ్మా?"

ఉంగరాల పిల్ల తెల్లమొహం వేసింది. తను ముందు పుల్లలు పెట్టానని, అవి ఏమయ్యాయో తెలీదని నసిగింది. ఇంట్లోవాళ్లు చేసిచ్చి ఉంటారని వెనక బెంచీలో గుసగుసలు మొదలయ్యాయి. ఆ పిల్ల కళ్లు నీళ్లతో నిండాయి.

ఆ తెలివి తనదేనని అరవాలనిపించింది పిచ్చుకకు. కానీ అది తెలివి కాదు, కుళ్లు. ఆ సంగతి జేబులో పుల్లలకూ తనకూ తెలుసు. లేచి వెళ్లి వాటిని బల్ల మీద పెట్టింది.

"కారు తనే చేసింది టీచర్. తను ఓడిపోవాలని నేనే ఇవి పీకేశాను."

ఉంగరాల పిల్ల సాయంత్రం దాకా పిచ్చుక వైపు చూడలేదు.

బడి వదిలాక ఆ పిల్ల సైన్స్ గదిలో ఒక్కతే కూర్చుని కారుకు కొత్త మూతి మడుస్తోంది. పిచ్చుక మెల్లగా వెళ్లి పక్కన నిలబడింది. బల్ల మీదున్న ఆ రెండు పుల్లలూ తీసి, గుడ్డు కూర్చునే చోట ఆనించి చూపించింది.

"ఇక్కడైతే?"

ఆ పిల్ల జిగురు సీసా పిచ్చుక వైపు జరిపింది.